పిన్ చేసిన పట్టికలో కొరియా టైము ఒక్కటే ఉంచాలా, అన్ని దేశాల టైములూ వేయాలా?

తెనాలి_తంబుర
పైన పిన్ చేసిన కొరియన్ డ్రామాల పట్టికలో ఐదు కాలమ్‌లున్నాయి: సియోల్, ఇండియా, గల్ఫ్, లండన్, "ఈఎస్‌టీ" (న్యూయార్క్ వైపు టైము). సియోల్ ఒక్కటి ఉంచి మిగతావి తీసేద్దామని నా ప్రతిపాదన. కొరియా గడియారం ఏడాది పొడవునా యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయానికి) 9 గంటలు ముందుంటుంది. 1988 ఒలింపిక్స్ ఏడాది తర్వాత అక్కడ ఎండాకాలం కోసం గడియారాలు ముందుకీ వెనక్కీ జరపడం లేదు. మనం 5:30. తేడా 3:30, అంతే. టీవీఎన్ చానల్ శని-ఆది డ్రామా అక్కడ రాత్రి 9:10కి అనుకుంటే మనకి సాయంత్రం 5:40. నాలుగు గంటలు తీసి అరగంట కలిపితే వచ్చేస్తుంది, దీనికో కాలమ్ దేనికి? స్లాట్ మారిన ప్రతిసారీ ఐదు చోట్ల దిద్దాలి. సియోల్ గడి మార్చి పక్కవి వదిలేసిన వరసలు ఇప్పుడే రెండున్నాయి, చూసుకోండి.

డల్లాస్_బావ
మీకు మారదు సార్, మాకు మారుతుంది. డల్లాస్ కంటే సియోల్ ఎండాకాలం 14 గంటలు ముందు, చలికాలం 15. మీరు చెప్పిన 9:10 మాకు శనివారం పొద్దున 7:10. నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక 6:10. పైగా తేదీ గొడవ ఒకటి. సియోల్‌లో ఆదివారం పొద్దున వేసే పునఃప్రసారం మాకు శనివారం సాయంత్రమే వచ్చేస్తుంది. కాలమ్‌లు తీసేయడం కాదు, అమెరికాలోని సెంట్రల్, పసిఫిక్ టైములు కూడా కలపాలి.

గడియారం_ముల్లు
అసలు "ఈఎస్‌టీ" అన్న శీర్షికే తప్పు. ఈఎస్‌టీ అంటే యూటీసీ మైనస్ 5. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా న్యూయార్క్‌లో నడిచేది ఎండాకాలపు టైము ఈడీటీ, మైనస్ 4. పట్టికలో 13 గంటల తేడాతో టైములు వేసి పైన ఈఎస్‌టీ అని రాశారు. ఈఎస్‌టీకి తేడా 14.

మణికొండ_మేడమ్
శనివారం 5:40కి టీవీ ముందు కూర్చునేవాళ్ళు ఇక్కడ ఎంతమంది? చేతులెత్తండి.

షార్జా_సీను
"గల్ఫ్" అని ఒకే కాలమ్ వేయకండి. యూఏఈకి తేడా 5 గంటలు, సౌదీ, కువైట్, ఖతార్‌లకు 6.

తెనాలి_తంబుర
చూశారా, కాలమ్‌లు ఎలా పెరుగుతాయో! పట్టిక అవసరం లేని పద్ధతి ఉంది. గూగుల్ క్యాలెండర్‌ని బ్రౌజర్‌లో తెరిచి, కొత్త ఈవెంట్‌లో టైము పక్కనున్న టైమ్ జోన్ నొక్కి, సియోల్ ఎంచుకుని, అప్పుడు 9:10 వేయండి. వారం వారం రిపీట్ పెట్టండి. ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి టైమే ఫోన్‌లో కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు: జోన్ మార్చకుండా డల్లాస్ టైము 7:10 అనే పెట్టేస్తారు. నవంబర్ తర్వాత ఎపిసోడ్ 6:10కే మొదలవుతుంది, అలారం మాత్రం 7:10కే మోగుతుంది. అప్పటికి క్లైమాక్స్ అయిపోవస్తుంది.

గడియారం_ముల్లు
జోన్‌ల జాబితాలో ఊరి పేరే ఎంచుకోవాలి, ఈఎస్‌టీ అని కాదు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఆ పేరుకి ఏడాదంతా మైనస్ 5 అని అర్థం, ఎండాకాలం గంట తేడా వస్తుంది. శీర్షిక సంగతి ఇంకా ఎవరూ తేల్చలేదు.

కూకట్‌పల్లి_కిమ్చి
అందరూ వదిలేసింది అర్ధరాత్రి దాటాక వచ్చే షోలు. కొరియా ప్రకటనల్లో "శుక్రవారం రాత్రి 12:30" అని ఉంటే అది క్యాలెండర్ ప్రకారం శనివారం 0:30. మనకి శుక్రవారం రాత్రి 9:00, డల్లాస్‌కి ఎండాకాలంలో శుక్రవారం ఉదయం 10:30. శుక్రవారం 0:30 అనుకుని లెక్కేస్తే మనకి గురువారం రాత్రి 9 వస్తుంది, ఒక రోజు ముందే పడుతుంది. జపాన్ చానళ్ళు దీన్నే 24:30 అని రాస్తాయి, అదే నయం.

ఎక్సెల్‌లో లెక్క కట్టేవాళ్ళకి ఇంకో మాట. గడిలో తేదీ లేకుండా 0:30 అని మాత్రమే ఉంచి 3:30 తీసేస్తే జవాబు సున్నా కంటే తక్కువై గడి నిండా హ్యాష్ గుర్తులు పడతాయి. జవాబుని 24 గంటల్లోకి మడిచే మాడ్ ఫార్ములాతో టైము సరవుతుంది కానీ రోజు మారదు, చూసేవాడు మోసపోతాడు. తేదీ, టైము రెండూ ఒకే గడిలో ఉండాలి.

డల్లాస్_బావ
లెక్కలు రాక అడుగుతున్నామనుకుంటున్నారా? పట్టిక అందరిదీ అన్నారు కదా. ఇండియా వాళ్ళకి తేలికైతే చాలు, బయటివాళ్ళు ఫార్ములాలు రాసుకోవాలా?

తెనాలి_తంబుర
ఏడాదికి రెండుసార్లు అమెరికా గడియారం చూసి పట్టిక దిద్దే జీతగాళ్ళెవరూ లేరిక్కడ. పైగా దిద్దినా గ్యారంటీ లేదు. బేస్‌బాల్ ప్లేఆఫ్ మ్యాచ్ ఉన్న రాత్రి డ్రామా ఆలస్యమవుతుంది, లేదా రద్దు. 2024 డిసెంబర్ 3 రాత్రి కొరియాలో సైనిక శాసనం ప్రకటించాక మామూలు కార్యక్రమాలను ప్రత్యేక వార్తలు పక్కకి తోసేశాయి. ఆ రోజున చానల్ సైట్‌లో ఉన్న షెడ్యూలే నమ్మాలి. అది సియోల్ టైములోనే ఉంటుంది.

నెట్‌ఫ్లిక్స్_నాగమణి
ఒక్క ముక్క. నెట్‌ఫ్లిక్స్ ఒరిజినల్స్ లెక్క వేరు. అవి మామూలుగా పసిఫిక్ టైము అర్ధరాత్రికి వదులుతారు. మనకి ఎండాకాలం మధ్యాహ్నం 12:30, చలికాలం 1:30. సియోల్‌లో 4, 5. కొరియా మారదు, మనం మారం, అయినా మనకి గంట జరుగుతుంది. ఆ వరసలకి 3:30 సూత్రం ఒక్కటే చాలదు.

డల్లాస్_బావ
అదీ! "తేడా 3:30, అంతే" అన్నారుగా తంబుర గారు.

తెనాలి_తంబుర
నేను చెప్పింది టీవీ ప్రసారం గురించి. ఓటీటీ గురించి కాదు. చదివి మాట్లాడండి.

మణికొండ_మేడమ్
ఒక్క చెయ్యీ లేవలేదు. ఎందుకంటే 5:40కి ఉండేది సబ్‌టైటిల్స్ లేని ప్రసారం. వికీ (వికీపీడియా కాదు, డ్రామాల స్ట్రీమింగ్ సైట్)లో వాలంటీర్లు ఎపిసోడ్‌ని ముందు క్లిప్‌లుగా విడగొట్టి తర్వాత అనువదిస్తారు, శాతం నెమ్మదిగా ఎక్కుతుంది. మరి ఈ పట్టిక ఎవరికోసం?

డల్లాస్_బావ
అసలు విషయం అదే మేడమ్. ఈ గుంపు రూలు: ప్రసారమైన 24 గంటల దాకా స్పాయిలర్లు (కథ బయటపెట్టే మాటలు) దాచాలి. గడియారం సియోల్ 9:10 నుంచి మొదలు. సబ్‌టైటిల్స్ పది గంటలు ఆలస్యమైతే మాకు మిగిలేది 14 గంటలు. అందులో నిద్ర ఉంది, పిల్లల క్లాసులున్నాయి. సియోల్ టైము ఒక్కటే ఉంచితే ఆ రూలు ఎప్పుడు ముగుస్తుందో కూడా మాకు పట్టికలో కనిపించదు.

తెనాలి_తంబుర
ఇప్పుడు బయటపడింది! మీ గొడవ కాలమ్‌ల గురించి కానే కాదు. కొరియన్ నేర్చుకుని నేరుగా చూసేవాళ్ళు నోరు మూసుకుని కూర్చోవాలి, అంతేగా? సబ్‌టైటిల్స్ 100 శాతం ఎప్పుడవుతాయో ఎవరు చెప్పగలరు? ఒక షోకి మూడు గంటలు, ఇంకోదానికి రెండు రోజులు. రూలుకి స్థిరమైన మొదలు ఉండాలి, అది ప్రసార సమయమే.

మణికొండ_మేడమ్
ప్రసారం నుంచి 48 గంటలు పెట్టండి. స్థిరంగానూ ఉంటుంది, అందరికీ సరిపోతుంది.

తెనాలి_తంబుర
శని-ఆది డ్రామాకి 48 గంటలంటే శనివారం ఎపిసోడ్ గురించి సోమవారం రాత్రి మాట్లాడాలి. అప్పటికి ఆదివారం ఎపిసోడ్ కూడా అయిపోయి ఉంటుంది. ఒప్పుకోను.

మోడరేటర్
పట్టిక వరకు: సియోల్, ఇండియా ఉంటాయి, మిగతా కాలమ్‌లు తీసేస్తున్నాం. ప్రతి వరసలో డిస్కార్డ్ (చాట్ యాప్) టైమ్‌స్టాంప్ పెడతాం, ఎవరి ఫోన్‌లో వాళ్ళ టైమే కనిపిస్తుంది. అర్ధరాత్రి దాటిన షోలకి 0:30 అనీ, సరైన తేదీ అనీ రాస్తాం. స్పాయిలర్ రూలుపై వేరే ఓటింగ్.

గడియారం_ముల్లు
ఈఎస్‌టీ కాలమే పోయింది కాబట్టి నా అభ్యంతరం చెల్లదు. కానీ టైమ్‌స్టాంప్ సెకన్లు (అందులో టైముకి బదులు వేసే సంఖ్య) సియోల్ జోన్ పెట్టి తీయండి, మీ ల్యాప్‌టాప్ ఇండియా టైముతో తీస్తే అన్నీ మూడున్నర గంటలు ఆలస్యంగా చూపిస్తాయి.

డల్లాస్_బావ
ఇది రాస్తుండగానే ఎపిసోడ్ 11 థ్రెడ్‌లో ఆఖరి సీను స్క్రీన్‌షాట్ పడింది. దాచలేదు. సబ్‌టైటిల్స్ 38 శాతం. మోడరేటర్ గారూ, కాస్త చూడండి.