అప్‌డేట్: మూడు మెమోలు, సస్పెన్షన్, రాజీనామా ఒత్తిడి - చివరికి ఏమైందంటే

ఫ్యాక్టరీలో మూడు మెమోల తర్వాత నన్ను సస్పెండ్ చేసి, రాజీనామా ఇమ్మంటున్నారు, ఏం చేయాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్. అన్నిటికంటే పనికొచ్చింది "రాజీనామా రాయొద్దు, ప్రతిదీ కాగితం మీద అడగండి" అన్న మాట. ఛార్జిషీటుకు (కంపెనీ నా మీద ఆరోపణలు రాసిచ్చిన కాగితానికి) జవాబుతో పాటే ఆధారాల కాపీలు, సాక్షుల జాబితా కోరాను. ఫిర్యాదు చేసిన మేనేజరే విచారణాధికారిగా కూర్చున్నారు; ఆ అభ్యంతరాన్ని మొదటి రోజే ప్రొసీడింగ్స్‌లో (విచారణ రికార్డులో) రాయించాను. లేబర్ ఆఫీసులో రాజీ చర్చలప్పుడు ఆ అభ్యంతరమే నిలబడింది. హెచ్చరికతో సరిపెట్టి డ్యూటీలోకి తీసుకున్నారు.

సస్పెన్షన్‌లో ఉన్నప్పుడు కంపెనీ ఇవ్వాల్సిన జీవనభృతి మొదటి 90 రోజులు సగం జీతం, జాప్యం మనవల్ల కాకపోతే ఆపైన 75 శాతం. రాతపూర్వకంగా అడిగాకే ఇచ్చారు. మెమో మీద సంతకం గురించి అనవసరంగా భయపడ్డాను: "అందింది" అని రాసి, తేదీ వేసి సంతకం చేస్తే తప్పు ఒప్పుకున్నట్టు కాదు.