హాల్‌కి బీఎల్‌డీసీ ఫ్యాన్ తీసుకోవచ్చా? పాత హుక్కుకే బిగించొచ్చా?

పైపోర్షన్_ఖమ్మం:
మాది ఖమ్మంలో రెండంతస్తుల ఇల్లు, పైన ఉంటాం. హాలు 12 బై 14, స్లాబు పదడుగుల ఎత్తు. ఉన్న ఫ్యాన్ ఐదులో పెట్టినా గాలి తగలట్లేదు, పైగా గరగరమని చప్పుడు. షాపులో మామూలుది 1,700, బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తాగే బ్రష్‌లెస్ మోటారుది, రిమోట్‌తో నడిచేది) 3,000 చెప్పారు. కరెంటు నిజంగా అంత మిగులుతుందా? మా అమ్మ రిమోట్ జోలికే వెళ్లదు, చెయ్యి గోడ మీదకే పోతుంది. ఇల్లు పాతికేళ్లది, హుక్కు కూడా అప్పటిదే.

చల్లగాలి:
కొనే ముందు కండెన్సర్ మార్చి చూడన్నా. పాతదాని మీద 2.5 అనో 3.15 అనో రాసుంటుంది, సరిగ్గా అదే తెచ్చుకో, వంద లోపే. గరగర మాత్రం బేరింగ్ సౌండే, దానికి రిపేరు కంటే కొత్తది నయం.

యూనిట్ల_లెక్క:
ఫుల్ స్పీడులో మామూలు ఫ్యాన్ 75 వాట్లు లాగితే బీఎల్‌డీసీ 30 చుట్టుపక్కల, అంటే రోజుకి 15 గంటలు తిరిగే హాల్లో నెలకి 20 యూనిట్లు మిగులుతాయి, యూనిట్ ఐదు రూపాయలనుకున్నా వంద. పెట్టిన ఎక్కువ డబ్బు ఏడాది దాటగానే వచ్చేస్తుంది. ఎప్పుడో చుట్టాలొస్తే వేసే గదికి మాత్రం దండగ. ఇన్వర్టర్ ఉంటే ఇంకేం ఆలోచించకండి, బీఎల్‌డీసీనే. 2023 జనవరి నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి కాబట్టి నక్షత్రాలతో పాటు గాలి ఎంత ఇస్తుందో కూడా డబ్బా మీద చూడండి, 1200 ఎంఎం ఫ్యాన్‌కి 210 సీఎంఎం (నిమిషానికి తోసే గాలి, ఘనపు మీటర్లలో) పైన ఉంటే బాగుంటుంది. పాత రెగ్యులేటర్‌ని లైన్లోంచి తీసేసి స్విచ్‌కి డైరెక్టుగా ఇవ్వాలి, లేకపోతే లోపలి బోర్డు పాడవుతుంది. అమ్మగారి కోసం స్విచ్ ఆపి వేస్తే స్పీడు మారే మోడళ్లున్నాయి, గోడ రెగ్యులేటర్‌తో నడిచేవీ ఉన్నాయి, అడిగి తీసుకోండి.

వైరింగ్_పని:
సార్, ఫ్యాన్ ఏదైనా సరే, అందరూ వదిలేసేది హుక్కునే. పాత ఫ్యాన్ దించాక రబ్బరు బుష్ ఆనే చోట వేలు పెట్టి తడమండి. ఇనుము అరిగి గాడి పడినా, తుప్పు పొరలుగా ఊడుతున్నా దానికి మళ్లీ వేలాడదీయొద్దు, స్లాబు కాంక్రీటులోకి యాంకర్ ఫాస్టెనర్ (రంధ్రంలో బిగుసుకునే బోల్టు) కొట్టించుకోండి, ప్లాస్టరింగ్‌లోకి కాదు. బోల్టుకి నట్టు బిగించి ఊరుకోవద్దు, పిన్ను దూర్చి రెండు కాళ్లూ విడదీయాలి. పాత ఇళ్లలో స్విచ్ న్యూట్రల్ మీద ఉంటుంది చాలాచోట్ల, ఆపినా ఫ్యాన్ వైర్లో కరెంటు ఉంటుంది, అందుకే స్విచ్ ఆపితే సరిపోదు, మెయిన్ దించి టెస్టర్ పెట్టి చూశాకే చెయ్యి వేయండి. రెక్కలు ఆ డబ్బాలోవే వేయాలి, పాతవి కలిపితే ఊగుతుంది.

పైపోర్షన్_ఖమ్మం:
థాంక్స్ అన్నా. గాలి కిందకి రావాలంటే పొడవు రాడ్డు వేయించాలా?

వైరింగ్_పని:
పదడుగులకి అడుగున్నర రాడ్డు వేయొచ్చు, రెక్క నేల నుంచి ఎనిమిదడుగులకి తగ్గకపోతే చాలు. ఆ కంపెనీదే కొనండి, వెల్డింగ్‌తో అతికించినది ఒద్దే ఒద్దు. ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం ఏ ఫ్యాన్ వేసినా స్లాబు వేడినే కిందకి కొడుతుంది సార్, డాబా మీద తెల్ల కూల్ పెయింట్ వేయిస్తే కాస్త తగ్గుతుంది.