బాపు ఫోన్ బూట్‌లోడర్ అన్‌లాక్ చేయాలా, వద్దా?

పరకాల_పత్తిచేను:
అన్నలూ అక్కలూ, రెండు వారాల నుంచి ఒక విషయం తేల్చుకోలేకపోతున్నాను. మా బాపు ఫోన్ 2019లో హనుమకొండ చౌరస్తాలో కొన్నది. కంపెనీ ఇచ్చిన చివరి సెక్యూరిటీ ప్యాచ్ (లోపాలు సరిచేసే అప్‌డేట్) 2021 సెప్టెంబర్‌ది, తర్వాత ఏమీ రాలేదు. ఫోన్ మాత్రం గట్టిగానే ఉంది, బ్యాటరీ ఒకసారి మార్పించాను, చేతికి అలవాటైంది కాబట్టి కొత్తది కొనిస్తానంటే వద్దంటున్నాడు. అదే మోడల్ ఫోన్ నా దగ్గర ఇంకోటి పడి ఉంటే దాంట్లో ఆండ్రాయిడ్ 15 మీద వచ్చిన లీనియేజ్ ఓఎస్ (ఫోన్ కంపెనీది కాకుండా బయటి డెవలపర్లు ఉచితంగా ఇచ్చే సిస్టమ్) వేసి చూశాను. మంచిగ నడుస్తోంది, కొత్త ప్యాచ్‌లు వస్తున్నాయి. రూట్ చేయలేదు (సిస్టమ్ మొత్తం మీద అధికారం తీసుకోలేదు), దానికి వాడే మ్యాజిస్క్ కూడా లేదు, బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేశాను, అంతే. కానీ బ్యాంకు యాప్ నొక్కగానే ఈ పరికరం సురక్షితం కాదు అని చూపించి మూసుకుపోతోంది.

అదే యాప్ బాపు ఫోన్‌లో, ఆ 2021 ప్యాచ్‌తో, ఒక్క మాట అనకుండా తెరుచుకుంటుంది. ఇన్నేళ్లలో బయటపడ్డ లోపాలన్నీ అట్లాగే ఉన్న ఫోన్ సేఫ్ అట, పోయిన నెల ప్యాచ్ ఉన్నది కాదట. ఎంత ఆలోచించినా నాకు మింగుడు పడటం లేదు.

అట్లని లాక్‌లు వద్దు అనే ధైర్యం కూడా లేదు. మొన్న పత్తి అమ్మకానికి ఎనుమాముల మార్కెట్‌కు పోయి వచ్చిన తెల్లారే బాపు వాట్సాప్‌కు ట్రాఫిక్ చలాన్ అని ఒక ఏపీకే (యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్) వచ్చింది. బండి రోడ్డు మీద ఆపినందుకు పడ్డదేమో అనుకుని నొక్కాడు, అది అడిగిన పర్మిషన్లన్నీ ఇచ్చుకుంటూ పోయాడు, మెసేజ్‌లు చదివే పర్మిషన్ కూడా. నేను ఇంట్లోనే ఉన్నాను కాబట్టి నెట్ ఆపేసి యాప్ తీసేశాను. పంట పైసలన్నీ ఆ ఖాతాలోనే పడతాయి. ఏం చేయమంటారు?

చౌరస్తా_సర్వీస్:
తమ్మీ, ముందు ఆ ఏపీకే సంగతి చూడు. తీసేశానని ఊరుకోకు, కొన్ని ఐకాన్ దాచుకుని లోపలే ఉంటాయి. ఫొటోలు కాపీ చేసుకుని ఫ్యాక్టరీ రీసెట్ కొట్టు, యూపీఐ పిన్ వేరే ఫోన్‌లో మార్చు. ఒక్క రూపాయి పోయినట్టు కనబడ్డా ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చెప్తే పైసలు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇక అన్‌లాక్ గురించి. పదకొండేళ్లుగా ఫోన్లు విప్పుతున్నాను, మీ బాపు ఫోన్‌కు మాత్రం వద్దనే అంటాను. ఫోన్ ఆన్ చేయగానే చిప్ బూట్‌లోడర్ మీద కంపెనీ డిజిటల్ సంతకం చూస్తుంది, బూట్‌లోడర్ సిస్టమ్ సంతకం చూస్తుంది, ఎక్కడ తేడా వచ్చినా ఆపేస్తుంది. అన్‌లాక్ చేస్తే బూట్‌లోడర్ చేసే ఆ చూసుడు ఆగిపోతుంది. ఫోన్ ఎవరి చేతిలోనైనా అరగంట ఉంటే సిస్టమ్ మార్చి తిరిగి ఇవ్వొచ్చు, బాపు మామూలుగానే పిన్ కొడతాడు, అది వాళ్లకు పోతుంది. అన్‌లాక్ చేసేటప్పుడు డేటా మొత్తం తుడిచేసేది కూడా అందుకే, దొంగిలించినవాడు అన్‌లాక్ చేసి నీ ఫొటోలు చూడకుండా. సామ్‌సంగ్ ఫోన్లలో ఇంకా గట్టిగా ఉంటుంది, వేరే సిస్టమ్ వేస్తే లోపల నాక్స్ ఫ్యూజ్ (ఒకసారి మారితే తిరిగి రాని గుర్తు) కాలిపోతుంది, మళ్లీ కంపెనీ సాఫ్ట్‌వేర్ వేసినా సెక్యూర్ ఫోల్డర్ (ఫైళ్లు దాచుకునే తాళం అర) ఇక తెరుచుకోదు. ఇది తెలియక చేసుకుని వచ్చిన కాజీపేట పిల్లగాడొకడు నా కౌంటర్ ముందు నిలబడి ఏడ్చాడు, వాళ్ల అమ్మ ఫోన్ అది.

ఇంకోటి, అన్‌లాక్ చేసిన ఫోన్ ఆన్ చేసిన ప్రతిసారీ హెచ్చరిక తెర వస్తుంది. నీకు అలవాటే, బాపు రోజూ భయపడతాడు.

కోడ్_రాసే_అక్క:
నేను సుబేదారిలో ఉంటాను, ఫైనాన్స్ యాప్‌లు రాయడమే నా పని. నువ్వు అడిగిన చెక్ లాంటివి నేనే పెడతాను కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ఇంతకుముందు గూగుల్ సేఫ్టీనెట్ అనే చెక్ ఉండేది, ఇప్పుడు దాని బదులు ప్లే ఇంటెగ్రిటీ. యాప్ గూగుల్‌ను అడిగేది ఒక్కటే, ఈ ఫోన్‌లో ఉన్నది గూగుల్ సర్టిఫై చేసిన సిస్టమేనా అని. ప్యాచ్ ఎంత పాతదో మామూలు స్థాయిలో లెక్కలోకే రాదు. 2025 నుంచి ఆండ్రాయిడ్ 13, ఆపై ఫోన్లలో అన్నిటికన్నా గట్టి స్థాయికి ఏడాదిలోపు ప్యాచ్ ఉండాలన్నారు, కానీ ఆ స్థాయి పెడితే పాత ఫోన్ల కస్టమర్లు పోతారని మా మేనేజర్లు ఒప్పుకోరు. మీ బాపు ఫోన్ పాస్ అయ్యేది సేఫ్ అని కాదు తమ్ముడూ, దానికి ముద్ర ఉంది కాబట్టి.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. గ్రాఫీన్ ఓఎస్ అనే ఇంకో బయటి సిస్టమ్ గూగుల్ పిక్సెల్ ఫోన్లలో వేసుకుని, దాని సొంత కీతో బూట్‌లోడర్ మళ్లీ లాక్ చేసుకోవచ్చు. పైన అన్న చెప్పిన సంతకాల చూసుడంతా అప్పుడు మళ్లీ పనిచేస్తుంది, ఆ కీని యాప్ హార్డ్‌వేర్ స్థాయిలో గుర్తుపట్టే దారి కూడా ఉంది. బ్యాంకులు తలచుకుంటే ఒప్పుకోవచ్చు. అంటే తాళం ఉండాలా వద్దా అన్నది కాదు గొడవ, తాళంచెవి కంపెనీ దగ్గరే ఉండాలా, కొన్నవాడి దగ్గర కూడా ఉండొచ్చా అన్నది.

బాపుకు వచ్చిన ఏపీకే లాంటివాటికి మాత్రం లాక్ కావాల్సిందే. బ్రౌజర్ నుంచో వాట్సాప్ నుంచో వచ్చిన యాప్ ఎస్ఎంఎస్, నోటిఫికేషన్లు, యాక్సెసిబిలిటీ (తెర చదివి మన బదులు నొక్కే పర్మిషన్) అడిగేదైతే ప్లే ప్రొటెక్ట్ (ఫోన్‌లో యాప్‌లను చూసే గూగుల్ తనిఖీ) ఆపేసే పద్ధతి మన దేశంలో 2024లో మొదలుపెట్టారు. బాపు ఫోన్‌లో ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందో లేదో చూడు. నేను ఒప్పుకోనిది గూగుల్ 2025లో ప్రకటించినది, పేరు నమోదు చేసుకోని డెవలపర్ రాసిన యాప్ అసలే ఇన్‌స్టాల్ కాదన్నది. 2026 సెప్టెంబర్‌లో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లలో మొదలుపెట్టి తర్వాత మిగతా దేశాలకు తెస్తామన్నారు. ఓపెన్ సోర్స్ యాప్‌లు ఉచితంగా ఇచ్చే ఎఫ్-డ్రాయిడ్ వాళ్లు గట్టిగా వ్యతిరేకించారు. తర్వాత, తెలిసి చేసుకునేవాళ్లకు వేరే దారి ఇస్తామని గూగుల్ చెప్పింది. ఆ దారి ఎంత ఇరుకుగా పెడతారో అని నా భయం.

ములుగురోడ్డు_రూట్:
అక్క చెప్పింది నిజం, కానీ నేను ఇంకొంచెం దూరం పోతాను. పైసలు పెట్టి కొన్నాక ఫోన్ నాది. ఈ రోజు దొంగల కోసం అని పెట్టిన తాళం రేపు ఎవరి కోసం వాడతారో ఎవరికి తెలుసు? 2025 చివర్లో చూశాం కదా, ప్రతి కొత్త ఫోన్‌లో సంచార్ సాథీ అనే ప్రభుత్వ యాప్ ముందే వేసి అమ్మాలని టెలికాం శాఖ ఆర్డర్ ఇచ్చింది, జనం అడిగితే కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. ఆ యాప్ మంచిదే కావొచ్చు, పోయిన ఫోన్ వెతకడానికి నేనూ వాడాను, కానీ పెట్టుకునేదీ తీసేసేదీ నేను కదా.

బాపు ఫోన్‌కు లీనియేజ్ వేయి. బ్యాలెన్స్ చూడాలన్నా చిన్న మొత్తం పంపాలన్నా *99# డయల్ చేసే పద్ధతి ఉంది, నెట్ కూడా అక్కర్లేదు.

పరకాల_పత్తిచేను:
అందరికీ థ్యాంక్స్. ములుగురోడ్డు అన్నా, నా ఫోన్ అయితే నీ మాటే వినేవాణ్ని. నిన్న రాత్రి అన్నం తిన్నాక బాపును పక్కన కూర్చోబెట్టుకుని రెండు ఫోన్లూ చేతిలో పెట్టాను. ఇన్ని రోజులు ఆయనను అడగకుండా నేనే తేల్చాలని చూస్తున్నానని అప్పుడు అనిపించింది. లీనియేజ్ ఉన్నదాన్ని ఆన్ చేసి ఆ హెచ్చరిక తెర పోయేదాకా చూశాడు, ఇది రోజూ వస్తదా అని అడిగాడు, వస్తదంటే పక్కన పెట్టేశాడు. పైసలు వచ్చినయో లేదో నేనే చూసుకోవాలి బిడ్డా, ఒకరిని అడిగే పని ఉండొద్దు, అన్నాడు.

కాబట్టి ఆయన ఫోన్ అన్‌లాక్ చేయడం లేదు. రీసెట్ కొట్టాను, పిన్ మార్చాను, వాట్సాప్‌కూ క్రోమ్‌కూ యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే పర్మిషన్ తీసేశాను, ప్లే ప్రొటెక్ట్ ఆఫ్‌లో ఉంటే ఆన్ చేశాను. పంట పైసల ఖాతాకు యూపీఐ లేకుండా చేసి, చిల్లర ఖర్చులకు ఇంకో ఖాతా పెడదామని సోమవారం బ్రాంచికి పోతున్నాం. 2021 ప్యాచ్ ఉన్న ఫోన్‌ను ఎట్లా ఒప్పుకుంటున్నారు, కొత్త ప్యాచ్ ఉన్నదాన్ని ఎందుకు ఆపుతున్నారు అని రాతపూర్వకంగా అడిగి, ముట్టినట్టు ముద్ర వేయించుకుంటాను. అక్కా, ఆ హార్డ్‌వేర్ కీ సంగతి బ్యాంకు వాళ్లకు అర్థమయ్యేట్టు రెండు ముక్కల్లో రాసి పెట్టవా, లెటర్‌లో కలుపుతాను.