సీవీలో ‘ఇస్లామిక్ యూనివర్సిటీ’ అని ఉంటే తప్పా?

కొల్లేటికొంగ: మా తమ్ముడిది సివిల్. ఒక సెమిస్టర్ ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో చదువుతానంటున్నాడు. యూనివర్సితాస్ ఇస్లాం ఇండోనేషియా అట, యూఐఐ అంటారు, ప్రైవేటుది. ‘పేరులోనే మతముంటే ఇంజనీరింగ్ ఏం చెప్తార్రా’ అని నాన్న గొడవ. రేపు సీవీ చూసినవాళ్లు ఏమనుకుంటారోనని నాకూ టెన్షనే.

పెన్నఒడ్డు: ఎన్టీఆర్ చదివింది గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీలో. ఆ పేరు ఆయనకేం అడ్డమొచ్చింది? యూఐఐని 1945 జులై 8న జకార్తాలో పెట్టారు. దేశం స్వాతంత్ర్యం ప్రకటించుకోవడానికి ఇంకా నలభై రోజులుంది. పెట్టినవాళ్లలో మహమ్మద్ హట్టా ఒకరు, తర్వాత దేశానికి తొలి ఉపాధ్యక్షుడయ్యారు. 1946లో రాజధానితోపాటే ఇదీ యోగ్యకర్తాకు వచ్చేసింది. తమాషా ఏంటంటే, 1950లో దీని మతశాస్త్ర విభాగాన్ని ప్రభుత్వమే పట్టుకుపోయింది. ఇప్పటి సునన్ కలిజగ ప్రభుత్వ ఇస్లామిక్ యూనివర్సిటీకి మూలం అదే.

లాజిక్‌మావ: సగమే చెప్పారు సార్. మత విద్యకు ఇప్పుడు మళ్లీ విభాగం ఉంది. పైగా అక్కడ డిగ్రీ చేసేవాళ్లు, మెడిసిన్ అయినా ఇంజనీరింగ్ అయినా, ఇస్లాం పాఠాలు చదవాల్సిందే. ఏసీ కాలేజీతో పోలిక నాకు నప్పలేదు.

బాటసారి_బందరు: నేను చూసొచ్చాను. క్యాంపస్ ఒకచోట ఉండదు. ఎకనామిక్స్ చొండొంగ్‌చతుర్‌లో, లా చాలాకాలం ఊళ్లోనే ఉండేది. పెద్ద క్యాంపస్ మాత్రం మెరాపి అగ్నిపర్వతం వైపు పోయే కలియురాంగ్ రోడ్డులో, పద్నాలుగున్నర కిలోమీటరు దగ్గర. సివిల్ వాళ్లు అక్కడే. 2009 డిసెంబరులో అక్కడ లైబ్రరీకి పునాది తవ్వుతుంటే శివాలయం బయటపడింది. తొమ్మిది, పది శతాబ్దాల నాటిది, అగ్నిపర్వతం బూడిద కింద కప్పబడిపోయింది. వినాయకుడు, నంది, పానవట్టంతో సహా లింగం దొరికాయి. లైబ్రరీ ప్లాన్ మార్చి గుడికి చోటు వదిలారు. ఇప్పుడు లైబ్రరీ పక్కన నేలమట్టానికి కింద, మెట్లబావిలో దిగినట్టు ఉంటుంది ఆ నల్లరాతి గుడి. పైకప్పు లేదు. పుస్తకాల సంచీలతో పిల్లలు పక్కనుంచే పోతుంటారు. నేను మాత్రం పావుగంట అలా నిలబడిపోయా.

లాజిక్‌మావ: పురావస్తు చట్టం ఉంది, కూల్చలేరు. అందులో గొప్పేముంది?

బాటసారి_బందరు: కూల్చొద్దంటుంది చట్టం. దాన్ని పక్కన పెట్టుకుని లైబ్రరీ కట్టుకోమనదుగా! గోడ కట్టేసి గేటుకి తాళం వేసినా చట్టం ఊరుకునేది.

లాజిక్‌మావ: సరే, ఆ మాట ఒప్పుకుంటా. కొంగగారూ, పేరు సంగతి వదిలేయండి. అక్కడి క్రెడిట్లు మీవాడి కాలేజీ కలుపుకుంటుందా? మా మేనకోడలు వేరే దేశంలో సెమిస్టర్ చదివొస్తే ఇక్కడి కాలేజీ రెండు సబ్జెక్టులు మళ్లీ రాయించింది. వెళ్లకముందే కాగితం మీద తీసుకోమనండి.

కొల్లేటికొంగ: ఆ కాగితం గురించి మావాడు నోరెత్తలేదు. ఇప్పుడే ఫోన్ చేస్తున్నా. ఆ గుడి ఫొటో ఉంటే పెట్టండి బందరుగారూ, నాన్నకి చూపిస్తా.