అంగిట్లో పుండుకు బయాప్సీ అంటే అమ్మ ఒప్పుకోవడం లేదు, ఎలా నచ్చజెప్పాలి?

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్క ఊరు. అమ్మకి అరవై దాటాయి. పెళ్లి కాకముందు నుంచీ అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకుని కాలుస్తుంది. మావైపు ఆడవాళ్లలో ఇది ఎప్పటినుంచో ఉన్నదే. అంగిలి తెల్లగా మందం కట్టి, మధ్య మధ్య ఎర్ర చుక్కలతో ఉండేది. ఇప్పుడు ఒకపక్క పుండు పడింది. నొప్పి లేదంటుంది గానీ నెల దాటినా మానలేదు. దవడ కింద గట్టిగా బిళ్ల కూడా తగులుతోంది.

పళ్ల డాక్టరుగారు చూసి, వెంటనే ముక్క తీసి పరీక్షకు పంపాలన్నారు. అమ్మేమో "కత్తి తగిలితే పాకిపోద్ది, నాను రాను" అని భీష్మించుకు కూర్చుంది. అలా పాకదని డాక్టరుగారు చెప్పినా, ఇరుగుపొరుగు మాటే ఆమెకు వేదం. నాకు భయంగా ఉంది.

మీ ఇంట్లో ఇలాంటివాళ్లని ఎలా ఒప్పించారు? విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి నేరుగా వెళ్లొచ్చా, ఎవరిదైనా చీటీ కావాలా? అంగిలి కొంత తీసేస్తే అక్కడ ప్లేటు అమరుస్తారట, దాంతో అన్నం తినగలరా, మాట స్పష్టంగా వస్తుందా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.