సొంత పొలానికి కౌలు ఖర్చులో కలపాలా? (ఎంబీఏ అసైన్‌మెంట్)

భీమవరం_బుల్లోడు: ఎంబీఏ మొదటి సెమిస్టర్ అండీ. మేనేజీరియల్ ఎకనామిక్స్ సార్ అవకాశ వ్యయం (ఒకటి ఎంచుకుని ఇంకోటి వదులుకుంటే పోయే రాబడి) మీద అసైన్‌మెంట్ ఇచ్చారు, ఉదాహరణ వరి మద్దతు ధర. వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ లెక్కల్లో ఏ2 అంటే విత్తనం, ఎరువు, కూలి, కట్టిన కౌలు, ఇలా చేతి నుంచి పోయినదంతా. ఇంటివాళ్ల కష్టం కలిపితే ఏ2+ఎఫ్ఎల్. సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కడితే సీ2. 2025-26లో సాధారణ రకం వరికి ఏ2+ఎఫ్ఎల్ క్వింటాకు 1,579 రూపాయలు. దానిమీద 50 శాతం వేసి 2,369 ఇచ్చారు. సీ2 మీద వేయాలంటాయి రైతు సంఘాలు. అసలు ఖర్చు ఏది?

లెడ్జర్‌బాబాయ్: జేబులోంచి పైసా కదలనిది ఖర్చెలా అవుతుంది బాబూ? నీ పొలానికి నువ్వే కౌలు కట్టుకుని నువ్వే రసీదు రాసుకుంటావా? ఓచర్ లేనిదే పద్దు లేదు. ఏ2 రాసి ఊరుకో.

ఎకో_మాస్టారు: బాబాయ్ గారూ, మీది పద్దుల లాభం. ఇక్కడ అడిగింది ఆర్థిక లాభం. సొంత షట్టర్లో కిరాణా పెట్టినాయనకి నెలకు 20 వేలు మిగులుతుంది, సంబరపడతాడు. షట్టరు అద్దెకిస్తే 12 వేలు, తను ఇంకో కొట్లో గుమాస్తాగా చేరితే 15 వేలు వచ్చేవి. అంటే నెలనెలా 7 వేలు పోతోంది. పొలమూ అంతే. సీ2.

లెడ్జర్‌బాబాయ్: ఆ షట్టరు అద్దెకు తీసుకునేవాడెవడు? మా క్లయింటు ఒకాయన చేత వాళ్లబ్బాయి ఇదే లెక్క చెప్పి కొట్టు మూయించాడు. వాడూ ఎంబీఏనే. టులెట్ బోర్డు ఇంకా వేలాడుతోంది. అరవై దగ్గరపడ్డవాడికి గుమాస్తా పని ఎవరిస్తారు? ఉన్న 20 వేలూ పోయాయి, మీ 12, 15 కాగితం మీదే ఉండిపోయాయి.

ఎకో_మాస్టారు: అడిగేవాడు లేకపోతే అవకాశ వ్యయం సున్నా అని వేయండి. తప్పు అంకెది, సూత్రానిది కాదు. డెల్టాలో కౌలుకు అడిగేవాడు లేని పొలం చూపించండి చూద్దాం.

ఓరుగల్లు_పోరడు: షట్టరు ముచ్చట ఆపుండ్రి. పిలగాడు వడ్ల గురించి అడిగిండు.

గోదారిగట్టు: మాస్టారు చెప్పిందే న్యాయం. రైతుల మీద వేసిన స్వామినాథన్ కమిషన్ 2006లోనే సీ2 మీద 50 శాతం ఇమ్మంది. 2018 బడ్జెట్లో ఒకటిన్నర రెట్లని ఊరించి, తీరా ఏ2+ఎఫ్ఎల్‌తో సరిపెట్టారు. ఆ ఏడు వరి 1,550 నుంచి 1,750కి వెళ్లింది, అంతే. ఎకరం అమ్మి బ్యాంకులో వేసుకుంటే వచ్చే వడ్డీ కూడా గిట్టదండీ మాకు.

లెడ్జర్‌బాబాయ్: ఆ సిఫార్సులో సీ2 అన్న మాట ఎక్కడుందో చూపించండి. సగటు ఉత్పత్తి ఖర్చు మీద కనీసం 50 శాతం ఎక్కువ అని ఉంది.

గోదారిగట్టు: ఉత్పత్తి ఖర్చంటే పూర్తి ఖర్చే కదా!

లెడ్జర్‌బాబాయ్: పేజీ నంబరు చెప్పండి.

గోదారిగట్టు: మీరు జన్మలో చేలో దిగారా అసలు?

లెడ్జర్‌బాబాయ్: పేజీ నంబరు.

టెక్సాస్_తెలుగు: ఇది ఇవాళ తెమిలేట్టు లేదు.

ఎకో_మాస్టారు: ఇందులో ఇంకో చిక్కుంది. కౌలు ఎక్కువ కాబట్టి ధాన్యం ధర పెరగదు, ధాన్యం ధర పెరిగితేనే కౌలు పెరుగుతుందని ఆర్థికవేత్త రికార్డో 1817లోనే వాదించాడు. సీ2 మీద ధర కడితే ఆ ధర కౌలును ఎగదోస్తుంది, పెరిగిన కౌలు మళ్లీ సీ2లో చేరుతుంది. సాగు చేసుకోవాలా, కౌలుకివ్వాలా అని తేల్చుకునే రైతుకి సీ2 సరైన లెక్కే. ప్రభుత్వం దాన్నే ధరకు కొలబద్ద చేయొచ్చా అన్నది వేరే ప్రశ్న.

గోదారిగట్టు: అదిగో, మాట మార్చేశారు. ఉద్యోగస్తులకి డీఏ పెరిగినప్పుడు ఈ రికార్డో ఎక్కడుంటాడో!

కౌలుచేను: చేలో దిగారా అని బాబాయ్ గారిని అడిగారు. మీ చేలో ఎవరు దిగుతున్నారండీ గోదారిగట్టు గారూ? పొలం కౌలుకిచ్చి కూకట్‌పల్లిలో ఉంటున్నానని వేరే చర్చలో మీరే రాశారు.

నేను కౌలుకే చేస్తాను. సార్వాలో (ఖరీఫ్) ఎకరానికి 75 కిలోల బస్తాలు 30 అయితే మాకు మంచి పంటే. 22.5 క్వింటాళ్లు. తరుగు లేకుండా ఆ 2,369 మద్దతు ధర పూర్తిగా వచ్చినా 53,302 రూపాయలు. అందులో కౌలు 14 బస్తాలు, అంటే 24,874. మిగిలిన 28,428లో దమ్ము, నాట్లు, ఎరువు, మందులు, కోత మిషను. నాకు పెట్టుబడే 30 వేలు దాటుతుంది. దాళ్వాలో (రబీ) పూడ్చుకోవాలి. కట్టిన కౌలు ఏ2లో ఉందంటారు. ఉంది. కానీ సొంత పొలాల వాళ్ల సున్నాలతో కలిపి సగటు తీశాక నా 14 బస్తాలు అందులో ఎక్కడ కనిపిస్తాయి?

గోదారిగట్టు: అందుకేనయ్యా సీ2 అడిగేది. మీకూ మేలేగా.

కౌలుచేను: కౌలు బస్తాల్లో కొలుస్తాం కాబట్టి ధర ఎంత పెరిగినా సగానికి దగ్గర అడక్కుండానే మీ గడపకొస్తుంది. మిగతా సగం మీద మరుసటేడు ఇంకో బస్తా పెంచుతారు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకిచ్చే సాగుదారు కార్డుకి సంతకం పెట్టమంటే పెట్టరు. అది పదకొండు నెలల కాగితం, భూమి మీద హక్కేమీ రాదు. ఆ కార్డు లేక నాకు బ్యాంకు అప్పు పుట్టదు, పంట పోతే పరిహారం మీ ఖాతాలో పడుతుంది.

గోదారిగట్టు: మా చిన్నాన్న పొలం పాత కౌలు కేసులో పడి, ఆయన పోయాక గానీ తేలలేదు. సంతకం అంటే మా ఇంట్లో భయం. ఆ భయం విలువ ఏ లెక్కలోనూ కట్టరే?

ఓరుగల్లు_పోరడు: మా దిక్కు గూడ గంతే. 2018ల రైతుబంధు ఎకరానికి సీజనుకు నాలుగు వేలు, పట్టా ఉన్నోనికే. దున్నెటోనికి రూపాయి రాలే.

భీమవరం_బుల్లోడు: అందరికీ దండాలండీ. రేపు పొద్దున్నే ఇవ్వాలి. ఏం రాయమంటారు?

ఎకో_మాస్టారు: ఎవరి నిర్ణయానికి ఏ ఖర్చో విడగొట్టి రాయి. సొంత చేను దున్నేవాడికి సీ2. కౌలుదారుకి తను నిజంగా కొలిచే కౌలు కలిపిన ఖర్చు, తన కష్టం విలువ. ఈ ఇద్దరినీ ఒకే సగటులో కలపకు, మార్కులు పోతాయి.

లెడ్జర్‌బాబాయ్: మొదటి పట్టిక ఏ2 పెట్టు. మిగతావి అనుబంధంలో పెట్టుకో.

కౌలుచేను: గోదారిగట్టు గారూ, ఒక్కటి చెప్పండి. రేపు నిజంగా సీ2 మీద ధర వచ్చిందనుకోండి, మీ కౌలుదారుకి కౌలు పెంచనని ఇక్కడ రాయగలరా?

గోదారిగట్టు: అది ఊరి రేటు బట్టి ఉంటుందండీ. పక్క చేనువాళ్లు 16 తీసుకుంటుంటే నేనొక్కణ్ణే 14కి ఎలా ఇస్తాను?