ఏఎంఆర్ పరిశోధన డబ్బు: ల్యాబుకా, రొయ్యల గుంట గట్టుకా?

చర్చాంశం: మందులకు లొంగని క్రిముల (ఏఎంఆర్) మీద విదేశీ సంస్థలు ఇచ్చే నిధులు మన నెల్లూరు, ప్రకాశం తీరంలో ల్యాబులకు పోవాలా, జనం ఆ మందులు ఎందుకు వాడుతున్నారో తేల్చే సామాజిక పరిశోధనకు పోవాలా?

ప్లేటు_పరీక్ష, ఒంగోలు
ల్యాబుకే. బ్రిటన్ వాళ్ల ఫ్లెమింగ్ ఫండ్ 2015లో 26.5 కోట్ల పౌండ్లతో మొదలై ఏ క్రిమి ఏ మందుకు లొంగడం లేదో కనిపెట్టే నిఘా ల్యాబులను నిలబెట్టింది. 2025 జులైలో దాన్నే ఆపేస్తామన్నారు. నిఘాకే దిక్కులేని రోజుల్లో సర్వే ప్రశ్నలకు డబ్బా?

గుంటగట్టు, ఇందుకూరుపేట
అన్నా, పట్టుబడికి ముందు ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ) పరీక్ష క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధిత యాంటీబయాటిక్‌ల అవశేషాలు రొయ్యలో ఉన్నాయా అని చూస్తుంది. గుంట మట్టిలోని విబ్రియో బాక్టీరియా ఏ మందుకు లొంగదో ఆ కాగితంలో ఉండదు. ఉన్నా లాభమేంది? రొయ్యకొచ్చే రోగాల్లో వైట్ స్పాట్‌కు కారణం వైరస్, ఈహెచ్‌పీకి మైక్రోస్పోరిడియా జాతి పరాన్నజీవి. రెండిటి మీదా యాంటీబయాటిక్ పనిచేయదు. అయినా జిగురు పట్టించి మేతలో కలిపేవాళ్లున్నారు. సీడు (రొయ్య పిల్లలు), మేత, మందు అన్నీ ఒకే డీలరు దగ్గర అప్పు, లెక్క తేలేది పట్టుబడి రోజు. ఆయన ఇచ్చిన డబ్బా వద్దంటే రేపు మేత బస్తా దిగదని భయం. రొయ్యలు తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలిన రాత్రే ఏదో ఒకటి చేయాలి. ప్లేటులో క్రిమిని పెంచి ఏ మందుకు లొంగుతుందో చెప్పే కల్చర్, సెన్సిటివిటీ రిపోర్టుకు రెండు మూడు రోజులు. ఆ మధ్యలో ఏం జరుగుతుందో ప్లేటులో కనపడదు.

ప్లేటు_పరీక్ష
అవగాహన సదస్సులు పెడితే సరిపోయేదానికి...

పద్దుపుస్తకం, నెల్లూరు
అప్పును సదస్సు తీర్చదు సార్. నా గొడవ వేరే. విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏకు 2020లో చేసిన సవరణ తర్వాత విదేశీ విరాళం తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు బదలాయించకూడదు. పరిపాలన ఖర్చు 50 శాతం నుంచి 20కి దిగింది. డబ్బు ముందు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోనే పడాలి. అంటే ఢిల్లీ సంస్థ గ్రాంటు తెచ్చి, కోవూరులోని చిన్న సంస్థకు వాటా ఇచ్చే దారి మూసుకుంది. గుంటల భాష తెలియని కుర్రాళ్లు కారులో వచ్చి ఫారాలు నింపుకుపోతారు. ఆరోగ్య పరిశోధన అయితే వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ దగ్గర హెచ్‌ఎంఎస్‌సీ అనే ఆరోగ్య శాఖ పరిశీలన కమిటీ అనుమతి కూడా కావాలి, గ్రాంటు గడువు ఈలోగా కరుగుతుంటుంది.

గుంటగట్టు
అది నిజమే. పైగా ‘యాంటీబయాటిక్ వాడారా?’ అని అడిగితే, నిషేధం ఉన్న చోట ఎవరు ఔనంటారు? మేత తగ్గితే ముందు ఎవరికి ఫోన్ చేస్తారో అడగాలి. డీలరు ఖాతా పుస్తకం చూడాలి. గట్టు మీద పడున్న ఖాళీ డబ్బాలు ఏరాలి, లేబులు మీద ప్రోబయాటిక్ అని ఉన్నవి కూడా.

ప్లేటు_పరీక్ష
ఆ డబ్బాల అడుగున మిగిలింది ల్యాబులో పరీక్షించే ఖర్చు అదే బడ్జెట్లో రాస్తే ఒప్పుకుంటా. ఒక్కటి చెప్పండి: 2016లో యూరప్ మన రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో పరీక్షించే వాటాను 10 నుంచి 50 శాతానికి పెంచింది. గుంట సర్వే నంబరుతో సహా ఈ డేటా ఎగుమతిదారు చేతిలో పడితే రైతు రేటు ఏమవుతుంది?

పద్దుపుస్తకం
సర్వే నంబరు తీసేసి మండలం వరకే ఉంచాలి, ఆ షరతు ఒప్పందంలోనే ఉండాలి. సంతకాలయ్యాక అడిగితే ఎవరూ వినరు.